చలి మన ఊరి దాకా రావాలి: ఏ అతివాహకం మేలు?

పర్లాకిమిడిలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల పశువైద్యశాల ఉంది. ఆబోతు వీర్యం నిలవచేసే క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ అంచు దాటి నేలకు జారుతుంది. లోపల ఉన్నది ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. "మాస్టారూ, కొంచెం వెనక్కి జరగండి, మూత వేసేయాలి" అంటారు అక్కడి ఉద్యోగి. ఆ చలి ఎంత విలువైనదో ఆయనకు తెలుసు.

నిరుడు మా మేనత్తను నడుము నొప్పికి ఒక ఆసుపత్రికి తీసుకెళితే ఎమ్మారై యంత్రం ఆగిపోయి ఉంది. హీలియం తగ్గిపోయిందన్నారు, ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోయారు. చివరికి విశాఖపట్నం వెళ్లాం. బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటును మోసే పదార్థాలు అతివాహకాలు. వాటి గురించి చదివేటప్పుడు ఆ రోజు నాకు పదేపదే గుర్తొస్తుంది. ఏ పదార్థం ఎంత వేడి దగ్గర అతివాహకమవుతుందన్న లెక్క ముఖ్యమే. దానికి కావలసిన చలి ఎంత దూరం నుంచి రావాలన్నది నాకు అంతకంటే ముఖ్యం.

పాతకాపు నియోబియం-టైటానియం మిశ్రలోహం. సుమారు 9 కెల్విన్‌ల కింద, అంటే మైనస్ 264 డిగ్రీల దగ్గర (కెల్విన్ లెక్క మైనస్ 273 డిగ్రీల నుంచి మొదలవుతుంది), నిరోధం లేకుండా కరెంటును మోస్తుంది. ఆసుపత్రుల్లోని ఎమ్మారై అయస్కాంతాల్లో దాదాపు అన్నిటిలోనూ ఉన్నది ఇదే. దీని గొప్ప గుణం సాగడం. రాగితో కలిపి సన్నని తీగగా లాగవచ్చు, చుట్టలు చుట్టవచ్చు. ఒకసారి కరెంటు ఎక్కించి రెండు కొసలూ కలిపేస్తే, చలి ఉన్నంతకాలం అది ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. లోపమల్లా ద్రవ హీలియం, మైనస్ 269 డిగ్రీలు. సంప్రదాయ యంత్రంలో అది 1,500 లీటర్ల దాకా పడుతుంది. మన దేశానికి హీలియం బయటి నుంచే రావాలి.

రెండోది వైబీసీఓ, అంటే యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ లాంటి పదార్థం. 1986లో జ్యూరిచ్‌లో శాస్త్రవేత్తలు బెడ్నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లతో తలుపు తెరిచారు, మరుసటి ఏడాదే నోబెల్ అందుకున్నారు. ఆ 1987లోనే 93 కెల్విన్‌ల దగ్గర అతివాహకమయ్యే వైబీసీఓ వచ్చింది. నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్‌ల దగ్గర. అంటే మా పశువైద్యశాల క్యాన్‌లో ఉన్న ద్రవమే దీనికి చాలు! గాలిలో 78 శాతం నైట్రోజనే. పైగా ఒకే మోతాదు వేడికి ఎగిరిపోయే ద్రవ హీలియం, లీటర్ల లెక్కన ద్రవ నైట్రోజన్ కంటే 60 రెట్లు ఎక్కువ.

అయితే ఇదే మేలని చెప్పేయలేను. పింగాణీ కనుక పెళుసు. లోహపు పట్టీ మీద ఒకటి రెండు మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పలుచని పొరగా, స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు తిరిగేలా పెంచాలి. ఖరీదు ఎక్కువ. బలమైన అయస్కాంత క్షేత్రంలో 77 కెల్విన్‌ల దగ్గర అది మోయగల కరెంటు తగ్గిపోతుంది, అందుకే పెద్ద అయస్కాంతాలకు 20 కెల్విన్‌ల వరకు చల్లబరుస్తారు. 2021లో అమెరికాలోని ఎమ్ఐటీ శాస్త్రవేత్తలు కామన్వెల్త్ ఫ్యూజన్ అనే కంపెనీతో కలిసి ఈ కోవ పట్టీలతో 20 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంతం నడిపింది ఆ చలిలోనే. ఇంకో చిక్కు, ఎక్కడైనా అతివాహకత పోతే వేడి మెల్లగా పాకుతుంది. ఆ ఒక్కచోటే పట్టీ కాలిపోవచ్చు. కొసలు నిరోధం లేకుండా అతికించడమూ కష్టమే.

మూడోది మెగ్నీషియం డైబోరైడ్. 2001లో జపాన్‌లో బయటపడింది, 39 కెల్విన్‌లు. సరుకు చవక, హీలియం ద్రవం లేకుండా విద్యుత్తుతో నడిచే శీతల యంత్రమే చాలు. ఇటలీలో దీనితో 0.5 టెస్లా ఎమ్మారైలు చేశారు. క్షేత్రం పెరిగితే మాత్రం తడబడుతుంది. నాకు దీని మీద మమకారం ఉంది, కానీ ఆసుపత్రికి ఇప్పుడే సిఫారసు చేయను.

మరి గది వేడిలోనే పనిచేసేది? 2023లో ఎల్‌కే-99 అనే పదార్థం అలాంటిదేనని లోకమంతా హోరెత్తింది. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సహా ఎందరో చేసి చూశారు, అతివాహకత కనబడలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ 203 కెల్విన్‌ల దగ్గర నిజంగానే అతివాహకమవుతుంది, కాకపోతే గాలి ఒత్తిడికి 15 లక్షల రెట్లు కావాలి. మన ఊరి లెక్కలోకి అవి రావు.

కాబట్టి మా వంటి చోటికి నా ఓటు పాత మిశ్రలోహానికే, కొత్త పాత్రలో. ఫిలిప్స్ 2018లో తెచ్చిన మూసిన అయస్కాంతంలో హీలియం 7 లీటర్లే, అది బయటికి పోదు. హీలియం ఆవిరిని గోడ బయటికి పంపే గొట్టమూ అక్కరలేదు. ఒక్క మాట మాత్రం దాచకూడదు. 1,500 లీటర్లు ఉన్న యంత్రం గాదె నిండిన ఇల్లు లాంటిది, కరెంటు పోయినా కొన్నాళ్లు తట్టుకుంటుంది. 7 లీటర్లది రోజు కూలీ ఇల్లు, శీతల యంత్రం ఎక్కువసేపు ఆగకూడదు. గజపతి జిల్లా కొండల్లో తుపాను వచ్చిందంటే తీగలు తెగి కరెంటు ఎన్నాళ్లకు వస్తుందో మనకు తెలుసు. మంచి జనరేటర్ లేకుండా ఆ యంత్రం కొనడం తప్పు.

విద్యుత్ తీగలకైతే మాట వేరు. అక్కడ వైబీసీఓ లాంటి రాగి ఆక్సైడ్ల పట్టీలే మేలు. జర్మనీలోని ఎస్సెన్‌లో 2014 నుంచి కొన్నేళ్లు కిలోమీటరు పొడవు కేబుల్ నైట్రోజన్ చలితో నగరం నడిబొడ్డున నడిచింది. నేల ఇరుకైన పెద్ద నగరాలకు అది తగినది. కొండల మీదుగా పల్లె నుంచి పల్లెకు సాగే మా లైన్లకు అల్యూమినియం తీగలే చాలు.

బడి పిల్లలకు చూపించడానికి ఒక వైబీసీఓ బిళ్ల తెప్పించాను, చల్లబరిస్తే దాని మీద అయస్కాంతం తేలుతుంది. లీటరు నైట్రోజన్ పశువైద్యశాల వారు ఇస్తామన్నారు.