పులసకు ఏది మేలు: వేట విరామమా, పెద్ద కన్ను వలా?

సముద్రంలో ఇలసగా తిరిగే పులస చేప వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చేది గుడ్లు పెట్టడానికే. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. మనం వేలు పోసి కొనేది ఆ తల్లిచేపనే! ధవళేశ్వరం బ్యారేజీ ఎలాగూ దాన్ని పైకి పోనివ్వదు.

పెద్ద కన్ను వల, అంటే రంధ్రాలు పెద్దగా ఉండే వల, పిల్లచేపల్ని వదిలేస్తుంది, జాలరికి పని ఆగదు. కానీ తల్లి అందులోనే చిక్కుతుంది. వేట విరామం కాపాడేది తల్లినే. బంగ్లాదేశ్‌లో ఇదే చేపకు తల్లికీ పిల్లలకీ రెండింటికీ రక్షణ ఉంది: అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు వేట బంద్, నవంబరు నుంచి జూన్ దాకా 25 సెంటీమీటర్లలోపు పిల్లల్ని పట్టకూడదు.

మన తీరంలో సముద్ర వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది, పులస ఎక్కువగా వచ్చేది జూలై నుంచి. అందుకే నా ఓటు నదిలో వర్షాకాలపు విరామానికే, కొద్ది రోజులైనా సరే. అయితే ఆ రోజులకు జాలర్లకు భృతి ముందే చేతికందాలి.