హన్మకొండలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటున్నారా? స్క్రీన్ మీద 100 చూసి డబ్బులు కట్టకండి

షాపు పేరు రాయట్లేదు, హన్మకొండలో పాత బండ్ల కోసం తిరిగినవాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది. పోయిన వారం అక్కడ మూడేళ్ళ బండి ఒకటి తీసుకున్నాను. బ్యాటరీ ఎట్లుందని అడిగితే తాళం తిప్పి స్క్రీన్ చూపించాడు, "చూడుర్రి సార్, నూటికి నూరు" అని. నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను ఆ నూరుని!

ఫుల్ చార్జింగ్‌తో అమ్మను ఎక్కించుకుని పరకాలకు బయల్దేరితే గూడెప్పాడ్ క్రాస్ రోడ్డుకే సగం పైన దిగింది. ఇంకాస్త పోయాక 22 చూపిస్తున్నది ఉన్నట్టుండి 5కి పడి, బండి నత్తలా పాకి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ, చెట్టు నీడ కూడా లేదు. చివరికి ట్రాలీ ఆటోలో వేసుకుని తెచ్చాం.

కడుపు మండింది మాత్రం షాపులో. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "మీకు నూరు చూపించినమా లేదా?" అన్నాడు. చూపించారు అన్నాను. "మరింకేంది సార్, లిథియం అంటే గట్లనే ఉంటది, ఎండలకు దిగుతది." అమ్మే రోజు ఇదే నోటితో "లిథియం సార్, పదేండ్లు చూసుకునే పని లేదు" అన్నాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉండగానే వేరే ఆయనకు ఇంకో బండి తాళం తిప్పి అదే నూరు చూపిస్తున్నాడు!

ఆ నూరు అబద్ధం కూడా కాదు, అదీ దరిద్రం. చార్జింగ్ ఎంత నిండిందో చెబుతుందంతే, బ్యాటరీ కెపాసిటీ ఎంత మిగిలిందో చెప్పదు. బిందె అరిగి చెంబైనా, నిండితే నూరే. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా తగ్గుతుంది, ఊరికే పెట్టినా తగ్గుతుంది. వేడిలో, అందులోనూ ఫుల్ చార్జింగ్‌తో నిలబెడితే ఇంకా తొందరగా పోతుంది, మన ఎండలేమో 44 దాకా పోతాయి. కంపెనీ సర్వీస్ సెంటర్ అబ్బాయి చూసి కొన్ని సెల్స్ వీక్ అయ్యాయన్నాడు. మిగతా వాటిలో చార్జింగ్ ఉన్నా, ఆ వీక్ సెల్స్ అడుగంటగానే బీఎంఎస్ (బ్యాటరీకి కాపలా కాసే సర్క్యూట్) మొత్తం ప్యాక్‌నే కట్ చేస్తుందట. వారంటీ అయిపోయింది. కొత్త ప్యాక్ ధర విన్నాక మాట రాలేదు.

షాపువాడు మాత్రం "మా పిలగాడు విప్పి సెల్స్ మారుస్తడు, తక్కువల అయితది" అన్నాడు. 2022లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయింది మర్చిపోయారా? నాకొద్దు ఆ ఉపకారం.

కొనేవాళ్ళు అడ్వాన్స్ ఇవ్వకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ తీయించండి, ఎస్‌ఓహెచ్ అని అడగండి, కొత్తప్పటి కెపాసిటీలో ఇప్పుడు ఎంత మిగిలిందో చెప్పేది అదే. 100 నుంచి 20 దాకా నడిపి చూడండి. వారంటీ మీ పేరు మీదకు మారుతుందో లేదో కాగితం మీద తీసుకోండి. నేను రేపు మా బావను తీసుకుని మళ్ళీ పోతున్నా, డబ్బులు ఇచ్చాడో లేదో ఇక్కడే రాస్తా.