నిమ్మగడ్డి నూనె తీసే యూనిట్: నాలుగేళ్లు వాడాక

2 ఎకరాల్లో కృష్ణ రకం నిమ్మగడ్డి వేసి, దానికోసమే 500 కిలోల గడ్డి పట్టే డిస్టిలేషన్ యూనిట్ కొన్నాను. అడుగున నీళ్లు, వాటిపైన జల్లెడ, జల్లెడ మీద గడ్డి, కింద కట్టెల మంట. ట్యాంకు మామూలు ఇనుము, ఆవిరిని చల్లార్చి నూనె, నీళ్లుగా మార్చే కండెన్సర్ గొట్టాలు స్టీలు.

మొదటి ఏడాది లోడుకు, అంటే ట్యాంకు ఒకసారి నింపితే, 2 కిలోల నూనె దాటలేదు. అమ్మినవాళ్లు 3 కిలోలన్నారు. మోసపోయాననుకుని ఫోన్లో గొడవ కూడా పెట్టుకున్నాను. సగం తప్పు నాదేనని తర్వాత తెలిసింది. మంచు తడి ఆరకముందే గడ్డి కోసి, ఎలా పడితే అలా ట్యాంకులో కుక్కేవాణ్ణి. ఆవిరి సందు దొరికినచోటే పైకి పోతుంది, పక్కనున్న గడ్డిని పట్టించుకోదు. ఇప్పుడు ఒక రోజు నీడలో వడలనిచ్చి, పొరలుగా పరిచి, మనిషి దిగి సమంగా తొక్కుతాడు. వడలిన గడ్డి బరువు తగ్గుతుంది కాబట్టి అదే ట్యాంకులో ఎక్కువ కోత పడుతుంది.

మిగతా సగం తప్పు కండెన్సర్‌ది. దాని నీళ్ల తొట్టి మరీ చిన్నది, గంటలోపే నీళ్లు కాగిపోతాయి. అప్పట్లో పొలమంతా ఘుమఘుమలాడుతుంటే నూనె బాగా దిగుతోందని మురిసిపోయేవాణ్ణి. నా డబ్బే అలా గాల్లో కలుస్తోందని మా బాబాయి చెప్పేదాకా తట్టలేదు. బోరు నీళ్లు ఆగకుండా పారేలా పైపు కలిపాక వాసన తగ్గింది, సీసా నిండింది.

మంట విషయం కూడా అంతే. ఎగదోస్తే నీళ్లు త్వరగా ఇంకిపోయి నూనెకు మాడు వాసన వస్తుంది. మొదటి గంటన్నరలోనే చాలావరకు నూనె దిగిపోతుంది, మూడు గంటలు దాటితే కట్టెలు దండగ. పిప్పి ఎండబెట్టి మళ్లీ పొయ్యికే వాడుతున్నాను.

ఇప్పుడు లోడుకు మూడున్నర కిలోలు, ఎండాకాలంలో 4 దాకా వస్తోంది. వానాకాలం గడ్డి ఏపుగా పెరుగుతుంది గానీ నూనె తక్కువే.

ట్యాంకు తుప్పు మాత్రం తలనొప్పే. మూడో ఏడు నూనె ఎర్రగా దిగింది. నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ బాగానే ఉన్నా, రంగు చూసి కొనేవాడు ధర కోశాడు. మళ్లీ కొనాల్సివస్తే ఖర్చైనా సరే లోపలంతా స్టీలుదే, తొట్టి ఇంతకు రెండింతలదే.