తమ్ముడి సగం తెర: ఇట్ టేక్స్ టూ, స్ప్లిట్ ఫిక్షన్ ఆడాక

ఇద్దరు కలిసి ఆడే ఈ రెండు వీడియో గేముల గ్రాఫిక్స్ గురించి, ధర గురించి నేను రాయను. ఇట్ టేక్స్ టూకి 2021లో ది గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చిందనీ, దాన్ని చేసిన హేజ్‌లైట్ స్టూడియో వాళ్ళే 2025 మార్చిలో స్ప్లిట్ ఫిక్షన్ తెచ్చారనీ కన్సోల్ ఉన్న ఇంట్లో చాలామందికి తెలుసు. నేను చెప్పాలనుకున్నది తెర మధ్యలో నిలువుగా ఉండే గీత గురించి.

ఒకే సోఫాలో కూర్చుని ఆడేటప్పుడు తెర రెండుగా చీలడం మామూలే. కానీ ఈ గేముల్లో ఇద్దరూ వేరే వేరే ఊళ్ళలో ఉండి నెట్‌లో ఆడినా ఆ గీత పోదు. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, నేను హనుమకొండలో. వాడి ముందు వాడి స్క్రీన్ ఉంది, నా ముందు నా టీవీ ఉంది. మరి నా టీవీలో సగం వాడికెందుకు? మొదటి వారం నాకు చిరాకే వేసింది. మాది 32 అంగుళాల టీవీ. అందులో సగమంటే సోఫాలోంచి చూస్తే సబ్‌టైటిల్స్ కూడా సరిగ్గా కనబడవు. సెట్టింగ్స్ అంతా వెతికాను, గీత తీసేసే ఆప్షన్ ఎక్కడా దొరకలేదు. ఆ తర్వాత దాని కోసం మళ్ళీ వెతకలేదు.

చిన్నప్పుడు మేమిద్దరం క్యాసెట్ వీడియో గేమ్‌లో కాంట్రా ఆడేవాళ్ళం. అందులో మూడో స్టేజీ జలపాతం గుర్తుందా? తెర ఒక్కటే కాబట్టి పైకి ఎక్కేవాళ్ళతో పాటు అదీ పైకి జరిగేది. కింద మిగిలినవాడు తెర బయటపడి చచ్చిపోయేవాడు. నేను గబగబా ఎక్కేసేదాన్ని, వాడు కిందే పోయేవాడు. "అక్కా ఆగు, నేనింక రాలే" అని ఏడ్చేవాడు. ఇక్కడ ఎవరి సగం వాళ్ళది, ఎవరి కెమెరా వాళ్ళది. ఎవరెంత దూరం ఉరికినా వెనక ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. ఇద్దరూ కలిస్తేనే దాటే చోటు వచ్చినప్పుడు మాత్రం ముందున్నవాళ్ళు ఆగాలి.

ఇట్ టేక్స్ టూ మొదట్లోనే షెడ్ ఉంటుంది. వాడికి మేకులు, నాకు సుత్తి. వాడు గోడకు మేకు విసిరితే నేను సుత్తిని దానికి తగిలించి ఊగి అవతలికి పోవాలి. మేకు ఎక్కడ పడబోతోందో నేను వాడిని అడగనక్కరలేదు. వాడు గురి పెడుతున్న చెక్క వాడి సగంలో నాకు కనబడుతుంది. అలా ఆడుతూ ఆడుతూ నాకు ఇంకోటి అర్థమైంది. వీడియో కాల్‌లో మనిషి ముఖమే కనబడుతుంది, ఈ గేములో వాడు ఎటు చూస్తున్నాడో కనబడుతుంది. నేను కింద పడ్డానంటే వాడి సగం గిర్రున తిరిగి నా కోసం వెతికేది. దాటలేక అవస్థ పడుతుంటే వాడి సగంలో నేను చిన్నగా, దూరంగా, మధ్యలో కనబడేదాన్ని. అంటే వాడు ఆగి నన్నే చూస్తున్నాడన్న మాట. ఎనిమిదేళ్ళుగా వారానికోసారి కాల్స్ చేసుకుంటున్నా నాకు ఇది తెలియలేదు.

పోయిన జూన్‌లో జరిగినది చెప్తాను. మాకు ఆదివారం పొద్దున ఏడున్నర అంటే అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. మేం ఆడే టైమ్ అదే. స్ప్లిట్ ఫిక్షన్‌లో అడవి ఉండే ఫాంటసీ భాగంలో ఉన్నాం. అందులో వాడు కోతిగా మారగలడు, నేను రెక్కలున్న చిన్న దేవకన్యగా. ఎప్పుడూ ముందు వాడే ఉరుకుతాడు, ఓ కొమ్మ మీదికెక్కి వెనక్కి తిరిగి నన్ను చూస్తాడు. ఆ రోజు నా వెనక నడుస్తున్నాడు. వాడి సగంలో ఎంతసేపటికీ నా వీపే. నేను దూకితే వాడూ దూకుతున్నాడు, నేను ఆగితే ఆగుతున్నాడు. రెండు మూడు సులువైన చోట్ల పడిపోయాడు, కానీ "అరె" అని కూడా అనలేదు. ఆ తర్వాత వాడి సగం కదలకుండా అయిపోయింది. గడ్డి, ఒక బండరాయి, పక్కన నీళ్ళు. అలాగే ఉండిపోయింది.

అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. గేమ్ గురించి తనకేమీ తెలియదు, కానీ ఏ సగం ఎవరిదో తెలుసు. "వాడేంది, అట్ల నిలబడ్డడు?" అంది.

నేను మైక్‌లో అడిగాను, "ఏమైందిరా?" అని.

"ఏం లేదక్కా. పద."

"నీ సగం కదుల్తలేదు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఆ వారం వాళ్ళ టీమ్‌లో సగం మందిని తీసేశారట. వాడి పేరు ఇంకా రాలేదు, వస్తుందో రాదో తెలియదు. వీసా టెన్షన్ ఒకటి. బుధవారం వీడియో కాల్‌లో అదే మనిషి నవ్వుతూ "అంతా మంచిగనే ఉంది" అన్నాడు, మేం నమ్మాం. ఆ రోజు ఇంక గేమ్ ముందుకు పోలేదు. వాడి కోతి బండ పక్కన, నా దేవకన్య నీళ్ళ మీద, గంటన్నర అలాగే ఉన్నాయి. అమ్మ కూడా కూర్చుని మాట్లాడింది. ఉద్యోగం పోలేదు, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు.

అందుకే ఈ గేములంటే నాకింత ఇష్టం. కానీ మొదట్లో అందరికీ చెప్పిన కొన్ని మాటలు ఇప్పుడు సరిదిద్దుకోవాలి.

ఎవరైనా ఆడొచ్చని మా కజిన్స్ అందరికీ చెప్పాను. అది అంత నిజం కాదు. మావారితో ఇట్ టేక్స్ టూ మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో కెమెరా తిప్పాలి. అలవాటు లేని చేతికి ఈ రెండూ ఒకేసారి చేయడం చాలా కష్టం. ఎన్నిసార్లు పడినా గేమ్ ఓపికగా మళ్ళీ నిలబెడుతుంది. పెద్ద శత్రువులతో పోరాటాల్లో మాత్రం ఇద్దరూ ఒకేసారి పోతే చెక్‌పాయింట్‌కి, అంటే గేమ్ చివరగా గుర్తుపెట్టుకున్న చోటికి వెనక్కి వెళ్ళాల్సిందే. మావారు చెట్టు భాగం దాకా వచ్చి ఆపేశారు.

పిల్లలతో ఆడటానికి బాగుంటుందని కూడా చెప్పాను. ఇట్ టేక్స్ టూలో ఒక బొమ్మ ఏనుగు సీన్ ఉంది. బతిమాలుతున్న ఆ ఏనుగును అంచు దాకా లాగి కింద పడేయాలి. అది చూసే సీన్ కాదు, మన చేతులతోనే చేయాలి. తొమ్మిదేళ్ళ మా పాప కంట్రోలర్ కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. రెండు నెలలు ఆ గేమ్ పెట్టనివ్వలేదు. యూరప్‌లో దీనికి 12 ఏళ్ళు పైబడినవాళ్ళకని రేటింగ్ ఇచ్చారు. ముందే చూసుకుని ఉండాల్సింది.

స్ప్లిట్ ఫిక్షన్ కథ కూడా నాకు అంతంతమాత్రమే అనిపించింది. ఇద్దరు రచయిత్రులు, వాళ్ళ ఊహల్ని యంత్రంతో దొంగిలించే ఒక కంపెనీ. ఆలోచన బాగుంది, కానీ విలన్ ఏం మాట్లాడతాడో ముందే తెలిసిపోతుంది. ఆ లోటు చివరి భాగంతో తీరిపోతుంది. పూర్తిగా చెప్తే అన్యాయం. అన్నాళ్ళూ చాలావరకు నిలువుగా, కదలకుండా ఉన్న ఆ గీత అక్కడ కదలడం మొదలుపెడుతుంది, వంగుతుంది, అడ్డం తిరుగుతుంది. తమ్ముడి సగంలోకి నేను అడుగుపెట్టిన క్షణం వాడు అక్కడ, నేను ఇక్కడ ఒకేసారి కేక పెట్టాం. పాప ఉలిక్కిపడి లేచింది.

ఇంకో చిక్కు, ఒకసారి పూర్తయితే మళ్ళీ ఆడబుద్ధి కాదు. పజిల్స్ అన్నీ తెలిసిపోతాయి. రెండూ పది పదిహేను గంటల గేములే. వారానికి రెండు గంటలు ఆడుతూ స్ప్లిట్ ఫిక్షన్‌ని దాదాపు రెండు నెలలు సాగదీశాం. ఇక ఒక్కరే ఆడదామంటే కుదరనే కుదరదు. పక్కన కంప్యూటర్ ఆడే తోడు ఉండదు. తెలియనివాళ్ళతో జత కలిపే ఏర్పాటు కూడా లేదు.

కాబట్టి పదికి ఇన్ని అని మార్కులు వేయలేను. నేను తమ్ముడితో ఆడాను, వాడు దూరంలో ఉన్నాడు, నాకు ఆదివారం పొద్దున ఖాళీ ఉంది. ఈ మూడింటిలో ఒక్కటి తక్కువైనా ఇదే మాట అంటానో లేదో చెప్పలేను. పక్కపక్కనే కూర్చుని ఆడేవాళ్ళకు ఈ గీత ఇంత పెద్ద విషయం కాకపోవచ్చు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. గేమ్ ఒక్కరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్ ఉచితంగా దించుకుంటారు. ఇట్ టేక్స్ టూ అప్పుడు మాకు ఒకే రకం కన్సోల్ కావాల్సి వచ్చింది, తమ్ముడు రూమ్మేట్ ప్లేస్టేషన్ అడిగి తీసుకున్నాడు. స్ప్లిట్ ఫిక్షన్‌కి ఆ బాధ లేదు, వాడు ల్యాప్‌టాప్‌లో, నేను ప్లేస్టేషన్‌లో ఆడాం. డౌన్‌లోడ్ పెద్దది, ముందు రోజు రాత్రే పెట్టుకోమని చెప్పండి. అవతలివాళ్ళు అమెరికాలో ఉంటే నవంబర్‌లో గడియారం వెనక్కి జరుపుతారని గుర్తుంచుకోండి. మా ఏడున్నర ఎనిమిదిన్నర అయింది, మొదటి ఆదివారం నేను గంటసేపు ఖాళీ లాబీలో, అంటే జతగాడి కోసం ఎదురుచూసే స్క్రీన్ ముందు కూర్చున్నాను.