ట్రైలర్ వెనక కార్గో రాక్: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. క్యాంపర్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) వెనక కార్గో రాక్, అంటే సామాను పెట్టుకునే జాలీ బల్ల, పెట్టించుకోవడం మంచి పనే. మా ఇంట్లో అందరం దానివల్ల సుఖపడ్డాం, రేపు ఇంకో ట్రైలర్ కొన్నా మళ్లీ పెట్టిస్తాను. కానీ అది జాగా కోసం పెట్టించుకునేది, బరువు మోయించడానికి కాదు. ఈ తేడా ఎవరూ చెప్పరు. రాక్ డబ్బా మీద 500 పౌండ్లు అని పెద్దక్షరాలతో ఉంటుంది, కొన్నవాళ్లు అది నమ్మి జనరేటరూ కట్టెలూ నీళ్ల క్యాన్లూ అన్నీ వెనకే పేర్చి హైవే ఎక్కేస్తారు. డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ట్రైలర్ కొన్న ప్రతి ఒక్కరూ "అన్నా, మీ రాక్ ఎలా ఉంది, మేమూ పెట్టించుకోవచ్చా" అని అడుగుతున్నారు, అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

మాది 24 అడుగుల ట్రైలర్, రెండు యాక్సిళ్లు (చక్రాల ఇరుసులు), లాగేది ఎఫ్-150 పికప్ ట్రక్కు. రాక్ ఎందుకు కావాల్సి వచ్చిందంటే వంట కోసం. ట్రైలర్ లోపల ఎండుమిరపకాయల పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది, ఆ ఘాటు పరుపుల్లోంచి రెండు రోజులైనా పోదు, చేపలు వేయించడం సంగతి ఇక అడగొద్దు. కాబట్టి మా వంటంతా బయటే. బయట వంటంటే మడత బల్ల, కుర్చీలు, కింద పరిచే పెద్ద చాప, దాని మీద దుమ్ము, బురద, నూనె మరకలు. ఇవన్నీ లోపల మంచం మీద పడేసుకుని ఎనిమిది గంటలు ప్రయాణం చేసి, రాత్రి దిగాక మళ్లీ అవన్నీ బయటికి తీస్తేగానీ పిల్లలు పడుకోవడానికి లేదు. మా ఆవిడ ఒక్కటే మాట అంది, మురికి సామాను లోపలికి రాకూడదు అని. ఆ మాట ప్రకారం చూస్తే రాక్‌కి నూటికి నూరు మార్కులు వేస్తాను.

ఇక బంపర్ సంగతి. ట్రైలర్ వెనక కనిపించే చదరపు గొట్టాన్ని చూసి చాలామంది అది కారు బంపర్ కంటే గట్టిది అనుకుంటారు. నిజానికి అది 4 అంగుళాల పలచటి ఇనప గొట్టం, చాలా ట్రైలర్లలో డ్రైనేజీ పైపు అందులో దాచుకోవడానికి, మహా అయితే స్పేర్ టైరు తగిలించడానికి పెడతారు. రెండు చివర్లా ఫ్రేమ్‌కి చిన్న వెల్డింగుతో అతికించి ఉంటుంది, అంతే. దానికే బిగించే రాకులు బజార్లో బోలెడు. నాలుగు బోల్టులు బిగిస్తే పావుగంటలో పనైపోతుంది, ధరా తక్కువే. మా స్నేహితుడొకాయన అలాంటిదే పెట్టించారు. ఒకసారి ఊరెళ్లి వచ్చాక ఆయన ట్రైలర్ కడుగుతుంటే నేనూ పక్కనే ఉన్నాను. బంపర్ ఫ్రేమ్‌తో కలిసే చోట, పైవైపు, పెయింటు మీద వెంట్రుకవాసి గోధుమరంగు గీత కనిపించింది. గుడ్డతో తుడిస్తే పోయినట్టే పోయి, నీళ్లు ఆరేసరికి మళ్లీ తుప్పు ఊరింది. రాక్ అంచు పట్టుకుని కిందికి నొక్కి చూశాం, ఆ గీత తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. అంటే వెల్డింగు పైనుంచి చీలుకుంటూ వస్తోందన్నమాట. అది రోడ్డు మీద ఊడితే వెనక వచ్చే కారులో ఎవరుంటారో తలుచుకుంటేనే టెన్షన్. బంపర్‌కి ఆసరాగా ఫ్రేమ్‌కి బిగించే ఇనప పట్టీలు అమ్ముతారు, చివరి వెల్డింగు పోయినా బంపర్ ఊడిపడకుండా అవి ఆపుతాయి. స్పేర్ టైరు వరకు అవి మంచివే. రాక్ విషయంలో మాత్రం నేను బంపర్ని లెక్కలోకే తీసుకోను.

మేం ఫ్రేమ్‌కే రిసీవర్ (రాక్ దూర్చే గొట్టం ఉన్న అడ్డ దూలం) వెల్డింగ్ చేయించాం. ట్రైలర్ కింద పొడవునా వెళ్లే రెండు ఐ-బీమ్‌ల మధ్య దూరం ఒక్కో ట్రైలర్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వెడల్పు సర్దుకోగలిగే రిసీవర్లు దొరుకుతాయి, మధ్యలో 2 అంగుళాల చదరపు నోరు, అందులో రాక్ కాడ దూర్చి అడ్డంగా పిన్ను వేయడమే. రిసీవర్‌కి 200 డాలర్లు, వెల్డింగు పనికి 250 అయింది. ఆర్వీలు (ఇలాంటి క్యాంపర్ బళ్లు) బాగుచేసే షాపుకి కాకుండా గుర్రాల ట్రైలర్లు, పొలం ట్రైలర్లు బాగుచేసే వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పని మొదలుపెట్టే ముందు చాలాసేపు కింద పడుకుని బీమ్‌లనే చూశాడు. యాక్సిల్ వెనక బీమ్ ఒకటే ముక్కగా ఉందా, లేక సన్నటి ముక్క వేరేగా అతికించారా అని చూడటానికట. కొన్ని ట్రైలర్లలో అలా అతికించి ఉంటుంది, అలాంటి వాటికి రాక్ వద్దనేవాడినని చెప్పాడు. బీమ్ కింది అంచుకి రంధ్రం వేయకూడదు, దాని మీద అడ్డంగా వెల్డింగ్ గీయకూడదు, పట్టంతా బీమ్ నిలువు భాగం మీదే ఉండాలి అన్నాడు. బ్యాటరీ వైర్లు విప్పించాడు, అడుగున ఉండే ప్లాస్టిక్ షీటు నిప్పురవ్వలకి అంటుకోకుండా కొంతమేర కోసి వెనక్కి మడిచి, పనయ్యాక మళ్లీ అతికించాడు. ఎవరితో చేయించుకున్నా ఈ రెండూ చేస్తున్నారో లేదో దగ్గరుండి చూసుకోండి. ట్రైలర్ ఇంకా వారంటీలో ఉంటే ముందు తయారుచేసిన కంపెనీని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫ్రేమ్ మీద వెల్డింగ్ అంటే వాళ్లు ఊరుకోకపోవచ్చు.

అసలు సంగతి బరువు, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు హిచ్ బాల్ (ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే ఇనప గుండు) మీద పడాలి, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అది తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఒకసారి ఊపు ఎక్కువైతే ట్రక్కుని కూడా పక్కకి లాగేస్తుంది. నాన్నగారు ఊరి నుంచి వచ్చినప్పుడు రాక్ చుట్టూ తిరిగి చూసి ఒక్క మాటలో చెప్పేశారు: "ఇది కావడి లాంటిదిరా, వెనక బుట్టలో వేస్తే ముందు బుట్ట తేలిపోతుంది." ఉన్నది ఉన్నట్టు చెప్పారు. మా ట్రైలర్లో హిచ్ బాల్ నుంచి రెండు యాక్సిళ్ల మధ్యకి టేపు పెట్టి కొలిస్తే 16 అడుగులు, అక్కడి నుంచి రాక్ మధ్యకి 12 అడుగులు. రాక్ మీద 150 పౌండ్లు పెడితే ముందు టంగ్ మీద 150ని 12తో గుణించి 16తో భాగించినంత, అంటే 112 పౌండ్లు తగ్గుతాయి. యాక్సిళ్ల మీద 150 కాదు, ఆ 112 కూడా కలిసి 262 పౌండ్లు పెరుగుతాయి. టైర్లు మోయాల్సింది అదంతా. రాక్ లేకుండా మా ట్రైలర్ సామానుతో 5,600 పౌండ్లు, టంగ్ మీద 700, అంటే పన్నెండున్నర శాతం. రాక్‌తో 5,750, టంగ్ మీద 590 లోపు, కష్టంగా 10 శాతం దాటింది. ఇంకో 100 పౌండ్లు వేస్తే 9 శాతం కూడా ఉండదు. మరి డబ్బా మీద ఉన్న ఆ 500 పౌండ్లు వేస్తే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. ఆ అంకె కారు వెనక పెట్టినప్పటిది. ట్రైలర్ తోక గుంతలో దిగినప్పుడు ఎగిరే ఎగురు వేరు, అందుకే సైకిల్ రాకులు చేసే కంపెనీలు చాలావరకు ట్రైలర్ వెనక పెట్టొద్దని మాన్యువల్లోనే రాస్తాయి, ఆర్వీలకి పనికొస్తుందని విడిగా రాసి ఉన్నది చూసి కొనాలి.

ఇంకో ముఖ్యమైన విషయం, రాక్ కూడా బరువే. మాది ఇనుముది, 60 అంగుళాల పొడవు, ఒక్కటే 50 పౌండ్ల పైన తూగుతుంది. అంటే మా 150లో సామానుకి మిగిలేది 100 లోపే. ట్రైలర్ తలుపు దగ్గర ఉండే పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను వేయొచ్చో ఉంటుంది, రాకూ రిసీవరూ రెండూ అందులోంచే తీసేయాలి.

దీనికి కొందరు చెప్పే ఉపాయం, వెనక ఎంత పెరిగితే అంత ముందు స్టోరేజీలో వేసి సరిచేస్తే చాలు అని. నేను ఒప్పుకోను. టంగ్ అంకె సరిపోతుంది నిజమే, కానీ బరువు రెండు కొసలకీ చేరితే ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెట్టాక తొందరగా ఆగదు. బరువైనవి యాక్సిళ్లకి దగ్గరగా, కాస్త ముందుకి ఉండాలి. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో కూడా చూసుకోండి. మాది 40 గాలన్లది, యాక్సిల్ వెనక ఉంది. గాలన్ 8.34 పౌండ్లు చొప్పున నిండితే 330 పౌండ్లు దాటుతుంది. రాక్ పెట్టాక ట్యాంకు నింపుకుని బయల్దేరడం మానేశాం, దారికి సరిపడా కొంచెం పట్టుకుని మిగతాది క్యాంప్‌గ్రౌండ్లో నింపుకుంటాం.

ఊహించుకోకుండా తూచుకోండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే లారీల కాటా ఉంటుంది, పెద్ద ఖర్చేం కాదు. ట్రక్కు ఒక్కటే ఒకసారి, ట్రైలర్ తగిలించి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు (టంగ్ బరువుని మిగతా యాక్సిళ్లకి పంచే కడ్డీలు) తీసేసి ఇంకోసారి తూస్తే, ట్రక్కు యాక్సిళ్ల మీద పెరిగినదే మీ టంగ్ వెయిట్. మనుషులూ సామానూ రెండుసార్లూ ఒకేలా ఉండాలి.

మరి రాక్ మీద ఏం పెడతామంటే కుర్చీలు, మడత బల్ల, చాప, ఒక ప్లాస్టిక్ పెట్టెలో తాళ్లు, లైట్లు, పిల్లల ఇసుక బొమ్మలు. అన్నీ జాగా తినేవి, బరువు లేనివి. జనరేటర్ పెట్టను, చిన్నదే దాదాపు 47 పౌండ్లు, పైగా దొంగల కళ్లెదుట. అది ట్రక్కులోనే. పెట్రోల్ క్యాన్ రాక్ మీద ఎవరైనా పెడితే దయచేసి తీసేయమని చెప్పండి, వెనక నుంచి ఎవరైనా గుద్దితే ముందు తగిలేది దానికే. కట్టెలు కూడా వద్దు. బరువు ఒకటి, వాటిలో ఉండే పురుగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి చేరతాయి, ఎక్కడికెళ్తే అక్కడే కొనుక్కోవాలి. బిగ్ బెండ్ నేషనల్ పార్క్ లాంటి చోట కట్టెల మంటకే అనుమతి లేదు, బొగ్గులూ గ్యాస్ స్టవ్వూ మాత్రమే.

బిగ్ బెండ్ దారి మాకు బాగా అలవాటు. ఐ-20 మీద ఒడెస్సా వైపు వెళ్తుంటే గాలి అడ్డంగా కొడుతుంది, పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటినప్పుడు ట్రైలర్ మొదట అవతలికి, తర్వాత దాని వైపు ఒరుగుతుంది. రాక్ ఖాళీగా ఉన్నప్పటికీ సామాను ఉన్నప్పటికీ తేడా స్టీరింగ్‌లో తెలుస్తుంది. సామానుంటే 62, 63 మైళ్ల దగ్గరే పోతాను, గాలి ఎక్కువుంటే ఇంకా తగ్గిస్తాను. పార్కులో చీసోస్ బేసిన్ రోడ్డు 20 అడుగులు దాటిన ట్రైలర్లకి వద్దంటారు కాబట్టి మేం దిగేది రియో గ్రాండ్ విలేజ్ క్యాంప్‌గ్రౌండ్లో.

కొన్నేళ్ల వాడకంలో ఏం తట్టుకుంది, ఏం తట్టుకోలేదు అంటే, రిసీవర్ వెల్డింగు చెక్కుచెదరలేదు. ప్రతి సీజన్ ముందు వైరు బ్రష్‌తో రుద్ది టార్చి వేసి చూస్తాను, ట్రైలర్ వెనక మూలల్లో సీలెంట్ పగిలిందేమో కూడా చూస్తాను, ఫ్రేమ్ వంగుతుంటే మొదట అక్కడే తెలుస్తుంది. రాక్ పెయింటు మాత్రం రెండో ఏడాదికే పొట్టు లేచింది, జాలీ అడుగున తుప్పు. వాటర్‌ప్రూఫ్ అని కొన్న సంచి జిప్పు దగ్గర కారుతుంది. వాన కంటే దుమ్ముతో ఎక్కువ బాధ, ట్రైలర్ వెనక గాలి సుడి తిరిగి మట్టిరోడ్డు దుమ్మంతా తెచ్చి సంచిలోనే పోస్తుంది. ఇప్పుడు మూతకి రబ్బరు అంచున్న ప్లాస్టిక్ పెట్టెలే వాడుతున్నాం. సామాను బిగించి కట్టే రాట్చెట్ బెల్టులు టెక్సస్ ఎండకి పీచులు లేస్తాయి, ఏటా మార్చాల్సిందే. రాక్ కాడకీ రిసీవర్‌కీ మధ్య ఉండే కాస్త సందు వల్ల గుంతల్లో లొడలొడ ఊగేది, ఇరవై డాలర్ల యు-బోల్ట్ బిగింపు వేశాక ఆగింది. బయల్దేరిన ఓ 50 మైళ్లకి ఆగి దాన్ని మళ్లీ బిగించాలి.

కాడ పైకి వంపు తిరిగి ఉన్న రాకే కొనండి. తిన్నగా ఉండేది పెట్రోల్ బంకు దిగేటప్పుడు నేలకి రాసుకుంటుంది. సామాను ఎత్తుగా పేరిస్తే బ్రేక్ లైట్లూ నంబర్ ప్లేటూ కనపడవు, మేం ప్లేటుని రాక్ చివరికి మార్చి చిన్న లైటు పెట్టించాం. టెక్సస్‌లో సామాను వెనక్కి 4 అడుగులు పొడుచుకొస్తే పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర లైటు కట్టాలి, మామూలు రాకులు అంత దూరం రావు.

టంగ్ వెయిట్ ఇప్పటికే 11 శాతం లోపున్నవాళ్లు, వంటిల్లో బాత్‌రూమో పూర్తిగా వెనక ఉన్న ట్రైలర్ల వాళ్లు రాక్ జోలికి వెళ్లకపోవడమే మంచిది, ట్రక్కు బెడ్ మీద మూత వేయించుకుంటే అదే డబ్బుకి అంతకంటే సుఖం. మిగతావాళ్లు మొదటే అల్యూమినియం రాక్ కొనండి. మా ఇనప రాక్ ఈ చలికాలం తీసేసి అదే పెట్టిస్తున్నాను. దాదాపు 20 పౌండ్లు తగ్గుతుంది, అంటే 150 దాటకుండానే ఇంకో రెండు కుర్చీలు పడతాయి.