శాంసన్ క్యూ2యూ: ఒక్కరే మాట్లాడే పాడ్‌కాస్ట్‌కి ఈ మైకు చాలు

ఒక్కరే కూర్చుని మాట్లాడే పాడ్‌కాస్ట్‌లో వినేవాళ్ళకి అందేది గొంతొక్కటే. మాట కలిపే జోడీ ఉండదు, మధ్యలో ఆపి ప్రశ్న అడిగేవాళ్ళూ ఉండరు. ఆ గొంతు గదంతా మోగుతూ ఎక్కడో దూరం నుంచి వస్తే, చెప్పే విషయం ఎంత నిఖార్సయినదైనా వినేవాళ్ళు అయిదో నిమిషానికి ఆపేస్తారు. కాబట్టి ఈ పనికి మైకు కొనేటప్పుడు అట్టపెట్టె మీద రాసిన గొప్పలు పట్టించుకోనక్కర్లేదు. నోటికి దగ్గరగా పెట్టుకుని, ఇంటి చప్పుళ్ళ మధ్య కూడా మాట్లాడనిస్తుందా లేదా అన్నదే చూడాలి. ఆ లెక్కన శాంసన్ క్యూ2యూ చాలా మంచి మైకు. లోపాలూ ఉన్నాయి.

ఇది కార్డియాయిడ్ రకం డైనమిక్ మైకు. డైనమిక్ అంటే అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసేది. కార్డియాయిడ్ అంటే ముందువైపు శబ్దాన్ని బాగా తీసుకుని, వెనకవైపుది తగ్గిస్తుంది. డైనమిక్ మైకు పెడితే ఫ్యాను చప్పుడు, వీధి హారన్లు, కుక్కర్ విజిళ్ళు మాయమైపోతాయని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ జరగదు. దీన్ని నోటికి బాగా దగ్గరగా పెట్టుకోవచ్చు కాబట్టి గెయిన్ (మైకు పట్టిన శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) తక్కువలో ఉంచవచ్చు, గెయిన్ తగ్గితే గది చప్పుడు కూడా తగ్గుతుంది. కిటుకంతా అక్కడే ఉంది. ఇదే మైకుని రెండడుగుల దూరంలో పెట్టి గెయిన్ పెంచితే ఫ్యాను నిక్షేపంగా వినిపిస్తుంది.

పెట్టెలో మైకుతోపాటు క్లిప్పు, చిన్న టేబుల్ స్టాండు, ఫోమ్ తొడుగు, యూఎస్‌బీ కేబులు, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు (స్టూడియో పరికరాలకి తగిలించే మూడు పిన్నులది) వస్తాయి. పాత స్టాకులో మినీ యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, కొత్తవాటిలో సీ టైపు. కొనేముందు ఏది వస్తుందో అడగండి, ఎందుకంటే మినీ కేబుల్ పోతే ఇప్పుడు వెతుక్కోవాలి. యూఎస్‌బీలో 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ వరకు రికార్డవుతుంది, మాటకి అది ధారాళం. అడుగున ఉన్న 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ జాక్ ఈ మైకులో అన్నిటికన్నా విలువైన భాగం. మీ గొంతు ఆలస్యం లేకుండా మీ చెవిలో వినిపిస్తుంది. కాగితం చూడ్డానికి తల తిప్పినప్పుడు గొంతు ఎలా పడిపోతుందో అప్పటికప్పుడే తెలుస్తుంది.

మాట్లాడాల్సింది మైకు కొసలోకి, పక్కలోకి కాదు. దూరం బెత్తెడు. సూటిగా నోటికెదురుగా పెడితే ప, ఫ, భ అన్నప్పుడల్లా గాలి ధన్‌మని తగులుతుంది. "ప్రభుత్వం", "ఫలితం" లాంటి మాటలు చెప్పి చూస్తే వెంటనే బయటపడుతుంది. మైకుని నోటి మూలకి జరిపి, 45 డిగ్రీలు ఏటవాలుగా నోటివైపు తిప్పండి. గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం పడుతుంది. ఇచ్చిన ఫోమ్ తొడుగు పల్చన, విడిగా పాప్ ఫిల్టర్ (నోటిగాలిని ఆపే తెర) కొనుక్కోవడం మేలు. రెండు వేళ్ళకన్నా దగ్గరికి వెళ్తే కింది స్థాయి ఉబ్బి గొంతు గుమ్మటంలా మోగుతుంది. ముందుకీ వెనక్కీ ఊగే అలవాటున్నవాళ్ళ గొంతు ప్రతి వాక్యానికీ మారిపోతుంది. వినేవాళ్ళు కారణం చెప్పలేరు కానీ, ఇబ్బంది పడతారు.

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, ఈ మైకుకి ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయండి. ఆపకపోతే కొన్ని కంప్యూటర్లలో మీరు ఆగిన ప్రతిచోటా ఫ్యాను హోరు పైకి లేచి, మాట మొదలవగానే అణిగిపోతుంది. పెద్దగా మాట్లాడినప్పుడు రికార్డింగ్ యాప్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డీబీ మధ్య ఆడాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీ కేబుల్‌తో తగిలిస్తే, యాప్ ఏ మైకు తీసుకుంటోందో ముందు తేల్చుకోండి. రికార్డు చేస్తూ ఫోనునీ మైకునీ ఒకదాని తర్వాత ఒకటి గోటితో గీకండి, ఏది గట్టిగా వినిపిస్తే అదే పనిచేస్తున్నట్టు.

ఇక లోపాలు. టేబుల్ స్టాండు మరీ పొట్టి. దానికోసం వంగితే గొంతు నొక్కుకుపోతుంది, బల్లమీద చెయ్యి తగిలిన ప్రతిసారీ దడ్‌మంటుంది. దగ్గొస్తే ఆపుదామని ఆన్ ఆఫ్ స్విచ్ వాడితే ఆ టక్కు కూడా రికార్డవుతుంది. దగ్గేసి, ఒక క్షణం ఆగి, వాక్యం మొదటినుంచి చెప్పి, తర్వాత కోసేయండి. లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటే సన్నని గూయ్ శబ్దం రావచ్చు, ఛార్జరు తీస్తే చాలాసార్లు పోతుంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో వాడాలంటే గెయిన్ చాలా కావాలి. చౌక ఇంటర్‌ఫేస్‌తో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) బుస మిగులుతుంది, కాబట్టి మొదట్లో యూఎస్‌బీనే నయం.

ఎడిటింగ్‌కి ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు. మొదట 10 సెకన్లు మాట్లాడకుండా గదిని రికార్డు చేయండి, నాయిస్ రిడక్షన్‌కి నమూనా అదే. తగ్గింపు 6 డీబీ దగ్గర ఆపండి. 12 దాటితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అవుతుంది, హోరుకన్నా అదే ఎక్కువ అనుమానం పుట్టిస్తుంది. 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది శబ్దాలని తగ్గించే ఫిల్టర్) పెట్టండి. ఊపిరులన్నీ కోసేయకండి, మరీ గట్టివి మాత్రం 6 డీబీ దించండి. చివరగా లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే మొత్తం ఎపిసోడ్ వినిపించే స్థాయిని ఒక అంకెకి తేవడం: మోనోకి మైనస్ 19, స్టీరియోకి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ స్థాయిని కొలిచే ప్రమాణం). ప్రతి ఎపిసోడ్‌కీ ఇదే అంకె ఉంటే వినేవాళ్ళు వాల్యూమ్ ముట్టుకోనక్కర్లేదు. మోనోలో 96 కేబీపీఎస్ ఎంపీ3గా తీస్తే అరగంట ఎపిసోడ్ 22 ఎంబీలోపే.

ఇంత దగ్గరి మైకు చదువుతున్న గొంతుని దాచదు. స్క్రిప్టు మొత్తం రాసుకుంటే వార్తలు చదివినట్టే ఉంటుంది. మొదటి రెండు వాక్యాలు, పేర్లు, అంకెలు మాత్రం పూర్తిగా రాసుకుని, మిగతావి ముక్కలుగా పెట్టుకోండి. కాగితం మైకు వెనక, కంటి ఎత్తులో ఉండాలి. ఒక అంకె తప్పు పలికితే ఆ మాటొక్కటే మళ్ళీ చెప్పి అతికిస్తే అతుకు వినపడుతుంది, పేరా మొత్తం మళ్ళీ చెప్పండి. ఎపిసోడ్ విడుదలయ్యాక తప్పు తెలిస్తే, తర్వాతిదాని మొదటి నిమిషంలోనే సరైన అంకె చెప్పేయండి. చివర్లో గొణిగితే ఎవరూ వినరు. డబ్బు తీసుకుని ఏదైనా వస్తువు గురించి చెబుతుంటే, ఆ ముక్క వస్తువు పేరుకన్నా ముందే రావాలి.

ఒకే మైకు ముందు ఇద్దరు కూర్చునేవాళ్ళకి ఇది పనికిరాదు. వీడియోలో మైకు కనపడకూడదనుకునేవాళ్ళకీ అంతే. ఇప్పటికే మంచి ఇంటర్‌ఫేస్, స్టేజి మీద వాడే డైనమిక్ మైకు ఉంటే దీని అవసరం లేదు. మిగతావాళ్ళు కొనుక్కోవచ్చు. డబ్బు మిగిలితే ముందు బూమ్ ఆర్మ్ (మైకుని నోటి దగ్గరికి తెచ్చి పట్టుకునే మడత చెయ్యి), తర్వాత పాప్ ఫిల్టర్, ఆ తర్వాత గోడకి మందపాటి దుప్పటి. పెద్ద మైకు ఆలోచన వీటన్నిటి తర్వాతే.