నీడిల్స్ ఓల్డ్ బ్యాటరీ: ఆలం బే నుంచే వెనుదిరగకండి

ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవి పడమటి కొసన, సముద్రానికి 77 మీటర్ల ఎత్తున, సుద్దరాయి కొండ అంచున కట్టిన ఫిరంగి స్థావరం ఇది. ఎదురుగా సముద్రంలో నిలిచిన సుద్దరాళ్ళ వరుసే నీడిల్స్. నిర్వహణ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. ఇంగ్లండులో ఉండే తెలుగువాళ్ళు వేసవి సెలవుల్లో ఈ దీవికి వెళ్తే పక్కనే ఉన్న ఆలం బే తీరంలోని రంగుల ఇసుక, చెయిర్‌లిఫ్ట్ చూసి ఆగిపోకుండా పైదాకా రావాలి. మా లెక్కన ఐదుకు నాలుగున్నర. ఆ అర తగ్గించింది సొరంగం దారి అందరికీ అనువుగా లేనందుకే.

1859లో ఫ్రాన్సు ‘గ్లోయిర్’ అనే ఇనుప కవచపు యుద్ధనౌకను నీళ్ళలోకి దించింది. దాంతో బ్రిటన్‌కు భయం పట్టుకుంది. పడమటి నుంచి బ్రిటన్ నౌకాదళపు పోర్ట్స్‌మత్ నౌకాశ్రయానికి వెళ్ళే జలమార్గం సరిగ్గా ఈ కొండ కిందే ఉంది. అందుకే 1861-63 మధ్య దీన్ని కట్టి, ఆరు 7 అంగుళాల ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు పెట్టారు. అవి వెనకవైపు నుంచి గుండు పెట్టే రకం. వెనక మూతను బిగించే ఏర్పాటు బలహీనం కావడంతో తుపాకీమందు ఎక్కువ దట్టించడానికి వీల్లేదు. మందు తక్కువైతే గుండు కవచాన్ని చీల్చలేదు. అలా 1870లలో మళ్ళీ మూతి నుంచి దట్టించే 9 అంగుళాల ఫిరంగులు వచ్చాయి. పైకి ఇది వెనకడుగులా కనిపిస్తుంది గానీ, అప్పటి లోహపు పనితనానికి అదే సరైన నిర్ణయం.

ఆవరణలో ఆ 9 అంగుళాలవి రెండు ఉన్నాయి, వాటి దగ్గర తీరిగ్గా నిలబడండి. ఒక్కొక్కటి 12 టన్నులు. లోపల ఉక్కు గొట్టం, దాని మీద ఇనుప చుట్లు. గుండు దాదాపు 115 కిలోలు. ముందు తడి కుంచెతో గొట్టం తుడిచి, మిగిలిన నిప్పురవ్వలు ఆర్పాలి. తర్వాత మందు సంచి, ఆపైన గుండు. గుండు ఒంటి మీది బొడిపెలు గొట్టంలోని ఆరు గాడుల్లో సరిగ్గా కూర్చుంటేనే అది లోపలికి దిగుతుంది. చిక్కంతా ఆ బొడిపెల దగ్గరే: అవి అమర్చిన చోట గుండు బలహీనపడేది, చుట్టూ మిగిలే సందులోంచి మంట దూసుకుపోయి గొట్టాన్ని తినేసేది. తర్వాతి కాలంలో గుండు అడుగున రాగి బిళ్ళ పెట్టి ఆ సందు మూశారు. పనికిరాకుండా పోయాక ఈ ఫిరంగుల్ని కొండ మీంచి కిందికి తోసేశారు. వాటిని వెలికితీసి మళ్ళీ నిలబెట్టినందుకు నేషనల్ ట్రస్ట్‌కు చేతులెత్తి మొక్కాలి.

సొరంగానికి ఇరుకైన చుట్టుమెట్లు దిగాలి. చక్రాల కుర్చీ, పిల్లల తోపుడు బండి వెళ్ళవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను పైనే కూర్చోబెట్టండి. సొరంగం చివర సెర్చ్‌లైట్ పెట్టిన చోటు ఉంది. నీడిల్స్ రాళ్ళు, లైట్‌హౌస్ ఇంత దగ్గరగా నేల మీంచి మరెక్కడా కనిపించవు.

ఫిరంగులు పేలే అదురుకు ఈ సుద్దకొండే విరిగిపడుతుందన్న భయంతో 1890లలో ఇంకా పైన, దాదాపు 120 మీటర్ల ఎత్తున న్యూ బ్యాటరీ కట్టారు. అక్కడికి కూడా ఎక్కండి. ఒకదాని తర్వాత ఒకటి చూస్తేనే ఈ కథ పూర్తిగా అర్థమవుతుంది. తీర ఫిరంగుల కాలం ముగిశాక అక్కడే బ్రిటన్ తయారుచేసిన బ్లాక్ నైట్, బ్లాక్ ఆరో రాకెట్ల ఇంజన్లను నేలకు బిగించి మండించి పరీక్షించారు. 1971 అక్టోబరు 28న ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి ప్రాస్పెరో అనే బ్రిటన్ ఉపగ్రహాన్ని మోసుకెళ్ళింది బ్లాక్ ఆరోనే.

ఇంగ్లండు ఒడ్డున ఉన్న లిమింగ్టన్ నుంచి దీవిలోని యార్మత్‌కు ఫెర్రీలో సుమారు 40 నిమిషాలు. కారు ఆలం బేలో ఆపి కిలోమీటరు పైచిలుకు ఎక్కాలి. నడవలేనివాళ్ళకు నీడిల్స్ బ్రీజర్ బస్సు ఉంది. రెండు బ్యాటరీలకూ కలిపి రెండు గంటలైనా పెట్టుకోండి. ఎండాకాలంలోనూ గాలికి ఆగే చొక్కా ఉండాలి. గాలి మరీ ఎక్కువైతే మూసేస్తారు, శీతాకాలంలో తెరవరు. ఫెర్రీ టికెట్ కొనేముందే ఆ రోజు రెండూ తెరిచి ఉంటాయో లేదో చూసుకోండి.